93,173 మంది నిజంగా వచ్చారా? బావతో నాటుకోడి పందెం, ఎవరైనా తేల్చండి

గంటస్తంభం_గోపి
సిరిమానోత్సవానికి మా అక్కావాళ్లు విజయనగరం వొచ్చినప్పుడు మొదలైంది గొడవ. రాత్రి డాబా మీద చాప వేసుకుని కూర్చుంటే మా బావ (ఆమదాలవలస) ఫోన్లో రెజిల్‌మేనియా 3 పెట్టాడు (అమెరికా కుస్తీ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా పెట్టే పెద్ద ఆట). 1987 మార్చి 29, పాంటియాక్ సిల్వర్‌డోమ్, హల్క్ హోగన్, ఆండ్రీ ది జెయింట్. 2025 జూలైలో హోగన్ పోయిన దగ్గర్నుంచీ ఆయనకి ఇదే పని, రోజుకో పాత కుస్తీ. నేను నోరు మూసుకుని చూడొచ్చు కదా, "ఆ రోజు 93,173 మంది వచ్చారు బావా" అన్నాను. ఆయన ఫోన్ ఆపి "ఎవడు లెక్కెట్టాడు?" అన్నాడు. అంతే. నాటుకోడి పులావు పందెం. ఓడినోడు కోడి కొనాలి.
ఇప్పుడాయన ఎక్కడో వెతికి 78 వేలే అని పంపించాడు. నేను కంపెనీ చెప్పిన అంకె పంపించాను. ఒకరి మాట ఒకరం వినట్లేదు. ఇక్కడ కుస్తీ పిచ్చోళ్లు చాలామంది ఉన్నారు కదా, తేల్చండి.

రాజాం_కుర్రోడు
బావతో పందెం కాసి ఓడితే కోడి నువ్వు కొనాలి. గెలిస్తే ఆయన అలుగుతాడు, అప్పుడూ నువ్వే కొనాలి. ఇందులో తేల్చడానికేటుంది?

ట్రంప్‌కార్డు_రాజు
93,173. టెన్త్ హాల్ టికెట్ నెంబరు మర్చిపోయాను గానీ ఈ అంకె మర్చిపోలేదు. ముప్పై ఏళ్లుగా ప్రతి వ్యాఖ్యాతా ఇదే చెప్తున్నాడు. వీడియో చూడు, కెమెరా పైకి తిరిగినప్పుడల్లా కనుచూపు మేర తలకాయలే. ఇంకేం రుజువు కావాలి?

నాగావళి_గట్టు
తలకాయలు కనిపిస్తే లెక్క తేలిపోద్దా? 78 వేలు అన్నది డేవ్ మెల్ట్‌జర్, కుస్తీ వార్తలే జీవితంగా రాస్తున్న పాత్రికేయుడు. ఆయన మాటకి కొంచెం బరువుంది. ఆ స్టేడియం ఫుట్‌బాల్‌కి పట్టేదే 80 వేల చిల్లర. రింగు మధ్యలో పెట్టి మైదానంలో కుర్చీలు వేశారు, నిజమే. కానీ ఇంకో 13 వేల కుర్చీలు ఎక్కడ వేశారు? పైకప్పు మీదా?

ట్రంప్‌కార్డు_రాజు
అదే ఏడాది సెప్టెంబరులో అదే సిల్వర్‌డోమ్‌కి పోప్ వొచ్చాడు. ఆ ప్రార్థనకి 93,682 మంది అని లెక్క చెప్పారు. పోప్‌కి పట్టిన జనం హోగన్‌కి పట్టరా?

రాజాం_కుర్రోడు
అంటే పోప్ కావాలని 509 మందిని ఎక్కువ తెచ్చుకున్నాడంటావ్.

నాగావళి_గట్టు
పోప్ అంకె కూడా నిర్వాహకులు చెప్పిందే కదా రాజూ. ఒక అనుమానానికి ఇంకో అనుమానాన్ని సాక్షిగా తెస్తావేటి?

బుకింగ్_బాబాయ్
ఇది నా సబ్జెక్టు కాబట్టి పెద్దగా రాస్తాను, ఓపికుంటే చదవండి. శ్రీకాకుళంలో ఒక సినిమా హాల్లో 22 ఏళ్లు బుకింగ్‌లో కూర్చున్నాను. హాలు పేరు వొద్దు, ఇప్పుడది కల్యాణ మండపం.
జనం లెక్క ఒకటి అనుకుంటున్నారు మీరు. మా హాల్లోనే నాలుగుండేవి. హాల్లో ఉన్న సీట్లు ఒక లెక్క. తెగిన టికెట్లు రెండో లెక్క. ఆట మొదలయ్యాక టికెట్టు పుస్తకం ఏ నెంబరు దగ్గర మొదలై ఏ నెంబరు దగ్గర ఆగిందో చూసి డీసీఆర్ (రోజువారీ వసూళ్ల లెక్క కాగితం) రాసేవాణ్ణి, డిస్ట్రిబ్యూటరు తరఫు మనిషి పక్కనే కూర్చుని సంతకం పెట్టేవాడు. పండగ సినిమాకి ఆ కాగితం రాస్తుంటే నా చెయ్యి వొణికేది, ఒక్క నెంబరు తేడా వొస్తే జేబులోంచి కట్టాలి. మూడోది లోపలున్న మనుషులు. పాసుల మీద వొచ్చిన పెద్దమనుషులు, వాళ్ల బావమరదులు, ఒళ్లో పిల్లలు, నడవలో వేసిన మడత కుర్చీలు. ఇది డీసీఆర్‌లోకి రాదు. నాలుగోది గేటు బయట హౌస్‌ఫుల్ బోర్డు. ఒక మ్యాట్నీకి ఇంకా నలభై సీట్లు ఖాళీ ఉండగా మా మేనేజరు "తగిలించీ, ఫస్ట్ షోకి లైను కడతారు" అన్నాడు. తగిలించాను. కట్టారు.
ఇప్పుడు చెప్పు గోపీ, నీ 93,173 ఈ నాలుగిట్లో ఏది?

గంటస్తంభం_గోపి
బాబాయ్, అది బోర్డు అన్నట్టే ఉంది మీ మాట.

బుకింగ్_బాబాయ్
నేను అన్లేదు. నువ్వే అన్నావు.

మూడులాంతర్లు
బాబాయ్ చెప్పినదానికి సరిగ్గా అతికే సంగతి ఒకటుంది. 2016 రెజిల్‌మేనియా 32 గుర్తుందా, టెక్సస్ ఆర్లింగ్టన్‌లో ఏటీ అండ్ టీ స్టేడియం. తెరమీద 1,01,763 అని వేశారు. సిల్వర్‌డోమ్ రికార్డు బద్దలు అని కుస్తీ వీరుడు ది రాక్ వొచ్చి ప్రకటించాడు. తర్వాత అప్పటి కంపెనీ పెద్ద విన్స్ మెక్‌మహనే ఒప్పుకున్నాడు, అందులో టికెట్లు చూసేవాళ్లు, దారి చూపించేవాళ్లు అందరూ ఉన్నారని. గేటు దగ్గర స్కాన్ అయిన టికెట్లు 80 వేల చిల్లర. అంటే హాల్లో సమోసాలమ్మే కుర్రాణ్ణి కూడా ప్రేక్షకుల్లో కలిపేశారు.
మా మేనల్లుడు డాలస్‌లో ఉంటాడు, ఆ రోజు వెళ్లాడు. పైన చివరి వరసల్లో సీటు. రింగు అగ్గిపెట్టెలా కనిపించిందట. షేన్ మెక్‌మహన్ రింగు చుట్టూ కట్టిన పంజరం మీంచి, ఇరవై అడుగుల ఎత్తు, కిందున్న బల్ల మీదకి దూకాడు కదా. వీడు కళ్లతో చూసింది ఒక చుక్క పక్కకి జారడం. ఏమైందో అర్థమవక, పైన వేలాడే ఆ పెద్ద తెరకేసి తలెత్తితే అప్పుడు తెలిసిందట. "అంత డబ్బు పోసి టీవీ చూసొచ్చాన్ మావయ్యా" అన్నాడు. మళ్లీ వెళ్తావా అంటే వెళ్తానన్నాడు. దూకినప్పుడు జనం అరుపు కుర్చీలోంచి వెన్నులోకి ఎక్కిందట.

టెక్కలి_టు_కువైట్
సిరిమాను కూడా అంతే కదా బ్రో. పైడితల్లి గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుద్ది, మనం ఎక్కడో గోడెక్కి నిలబడితే పైన పూజారి గారు వేలెడంత కనిపిస్తారు. అయినా వొచ్చే ఏడు మళ్లీ అదే గోడ. ఈసారి నేను ఇక్కడ రూములో ఫోన్లో చూశాను. తెర మీద చక్కగా, దగ్గరగా కనిపించింది. ఏడుపొచ్చింది.

రాజాం_కుర్రోడు
అలాగే ఆ సిరిమానుకి ఎంతమంది వచ్చారో కూడా అడగండ్రా. మా ఇంట్లోనే మూడు లెక్కలున్నాయి. మా నాన్నది రెండు లక్షలు, మా అమ్మది అయిదు లక్షలు, మా నాయనమ్మది "భూమండలం".

కొత్తవలస_కోడలు
మీ అంకెల గోల సరే, ఈ కుస్తీలు పిల్లలకి చూపించేవాళ్లు ఎవరైనా ఆలోచిస్తున్నారా? మా బాబుకి తొమ్మిదేళ్లు. పోయిన వేసవి సెలవుల్లో దివాన్ తలాపు మీదకెక్కి, మోచెయ్యి చూపిస్తూ, కింద పరుపు మీదున్న దిండు మీదకి దూకాడు. దిండుకేం కాలేదు. వీడికి కాలర్ బోన్ విరిగింది. మూడు వారాలు కట్టు. డాక్టర్ గారు ఎక్స్‌రే దీపం మీద పెట్టి చూస్తూ "ఎవరి ఫైట్‌రా?" అని అడిగారు. వీడు ఏడుపు ఆపేసి "ర్యాండీ సావేజ్" అన్నాడు. ఆయన "మంచి టేస్టు" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ట్రంప్‌కార్డు_రాజు
అక్కా తప్పుగా అనుకోకు గానీ, తొమ్మిదేళ్లకి సావేజ్ తెలుసంటే నీ కొడుకు జాతిరత్నం. ఆ సిల్వర్‌డోమ్‌లోనే సావేజ్, రికీ స్టీమ్‌బోట్ మ్యాచ్ ఉంది. హోగన్ మ్యాచ్ కంటే అదే గొప్పదని తెలిసినోళ్లందరూ అంటారు.

కొత్తవలస_కోడలు
తెలుసు. నలభై సార్లు చూశాను వాడితో, కట్టు కట్టుకుని కదలకూడదు కదా. ఆ మ్యాచ్ బాగానే ఉంది. నేను చెప్పేది అది కాదు.

నాగావళి_గట్టు
ఆ మ్యాచ్‌లో ప్రతి కదలికా సావేజ్ ముందే కాగితాల మీద రాసుకుని, స్టీమ్‌బోట్ చేత బట్టీ పట్టించాడు. మా నాన్న "అదంతా నాటకంరా" అన్నప్పుడల్లా కొట్లాడేవాణ్ణి. పెద్దయ్యాక ఈ సంగతి తెలిసి నెల రోజులు కుస్తీ చూడ్డం మానేశాను. ఆండ్రీ పదిహేనేళ్లుగా ఓడలేదన్నారు, అబద్ధం. ఆండ్రీని ఎవరూ ఎత్తి కొట్టలేదన్నారు, అదీ అబద్ధం. 1980లో షే స్టేడియంలో ఇదే హోగన్ ఎత్తి పడేశాడు. అన్నీ అబద్ధాలైతే జనం లెక్కొక్కటే నిజమా?

రాజాం_కుర్రోడు
నాన్న గెలిచాడు. కోడి నాన్నకి పంపించండి.

తప్పెటగుళ్ల_మనవడు
నాటకం అన్న మాట దగ్గర ఒక్కటి చెప్పాలి. మా తాత తప్పెటగుళ్లు ఆడేవోడు. గుండెకి తప్పెట, కాళ్లకి గజ్జెలు, ఒకడి భుజాల మీద ఇంకొకడు ఎక్కి నిలబడి వాయించాలి, అక్కడి నుంచి పల్టీ కొట్టి దిగాలి. చిన్నప్పుడు నన్నూ తిప్పేడు. నెల రోజులు ఎక్కడం నేర్పలేదు, పడ్డమే నేర్పేడు. గెడ్డం గుండెకి ఆనించుకో, తల నేలకి తగలనీకు, వీపు పైభాగం ఒక్కసారే పరుచుకోవాలి, చేతులు రెండూ చాచి నేల మీద కొట్టు, ఊపిరి వొదిలేయ్. నేను ఊపిరి బిగబట్టి పడ్డాను ఒకసారి. అరనిముషం గాలి రాలేదు, నోరు తెరిచి చేపలా కొట్టుకున్నాను. తాత పక్కనే కూర్చుని "మళ్లీ బిగబడతావా?" అన్నాడు. అంతే, నీళ్లు కూడా ఇవ్వలేదు.
కుస్తీ వాళ్లు పడేదీ అలగే. రింగు అంటే పరుపు అనుకుంటారు. కింద ఇనుప దూలాలు, వాటి మీద చెక్కపలకలు, పైన పల్చటి స్పాంజి, దాని మీద బిగించిన గుడ్డ. అంతే. ఎవడు గెలవాలో ముందే రాసుకుంటారు. వీపు ముందే రాసుకోదు.
ఆండ్రీ సంగతి చూడండి. నడుముకి ఆపరేషన్ అయ్యి, ఆ నల్ల బట్ట లోపల పట్టీ కట్టుకుని దిగేడు. 520 పౌన్లు, అంటే 236 కేజీలని ప్రకటించారు. అంత మనిషిని ఎవడూ బలవంతంగా ఎత్తలేడు. పైకి లేచేవోడు కూడా కాలు తన్ని సాయం చెయ్యాలి, మధ్యలో ఒళ్లు బిగించాలి, లేదంటే ఇద్దరూ పోతారు. మ్యాచ్ మొదట్లో హోగన్ ఎత్తబోయి కూలిపోతాడు కదా, ఆండ్రీ వొచ్చి అతని మీద పడతాడు. అది చూసి జనం "అయిపోయిందిరా" అనుకున్నారు. తర్వాత నిజంగా ఎత్తినప్పుడు చూడండి, గాల్లో ఆండ్రీ మొహం. ఆ నొప్పి ఏ కాగితం మీదా లేదు.

కొత్తవలస_కోడలు
దయచేసి ఆ పడే పద్ధతి మా బాబుకి ఫోన్లో చెప్తారా?

తప్పెటగుళ్ల_మనవడు
చెప్పను అక్కా. నేర్చుకున్నోడు ఇంకా ఎత్తు నుంచి దూకుతాడు. నేనలగే చెయ్యి విరగ్గొట్టుకున్నాను.

వీరఘట్టం_వాసి
మన కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదేటి? మా వీరఘట్టంలో పుట్టాడు. విజయనగరంలో వ్యాయామశాల పెట్టాడు, సర్కస్ నడిపాడు. గుండెల మీద ఏనుగు, ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులు తెంపడం, కదిలే కార్లని ఆపడం. శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. ఆయనకి కాగితాలు రాసుకునే పని లేదు. ఈ అమెరికా వేషాలు ఆయన ముందెంత?

నాగావళి_గట్టు
గౌరవం తగ్గించడం కాదు గానీ, సర్కస్ కూడా టికెట్టు ఆటే కదా అన్నా. ఏనుగుని గుండె మీద నిలబెట్టేటప్పుడు మధ్యలో చెక్క వేస్తారు, బరువు పరుచుకుంటుంది. బలం నిజం, కిటుకూ నిజం.

వీరఘట్టం_వాసి
చెక్క నేను తెస్తాను. ఏనుగు నువ్వు తెచ్చుకో. పడుక్కుని చూపించు.

రాజాం_కుర్రోడు
అన్నా కొట్టింది 236 కేజీల దెబ్బ.

ట్రంప్‌కార్డు_రాజు
బలం అంటే మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి. సిడ్నీ 2000లో 240 కేజీలు ఎత్తింది, రెండు విభాగాలూ కలిపి. ఆండ్రీ ప్రకటించిన బరువు కంటే నాలుగు కేజీలు ఎక్కువ. అది కూడా సాయం చేసే ఆండ్రీ కాదు, ఇనుము.
ఇంతకీ గట్టు అన్న ఇందాకటి మాట నన్ను కుదిపేసింది, ఒప్పుకుంటున్నాను. చిన్నప్పుడు మా దగ్గర కుస్తీ ట్రంప్ కార్డులుండేవి. ర్యాంకు, హైటు, వెయిటు, చెస్టు, బైసెప్స్. బడి గంట కొట్టే లోపల అరుగు మీద ఆడేవాళ్లం. జెయింట్ గొంజాలెజ్ కార్డు నా చేతిలో ఉంటే "హైటు, ఎనిమిది అడుగులు" అని అరిచి అందరి కార్డులూ లాగేసుకునేవాణ్ణి. మొన్న చదివితే అతను నిజంగా ఏడడుగుల ఏడంగుళాలట. అయిదంగుళాలు కార్డోడు కలిపేడు. ఆ అయిదంగుళాల మీద నేను ఎంతమంది కార్డులు తిన్నానో. మనిషి ఎత్తే పెంచినోళ్లు జనాన్ని పెంచరా?

నాగావళి_గట్టు
హోగన్ అయితే ఇంటర్వ్యూ ఇంటర్వ్యూకీ ఆండ్రీ బరువు పెంచుకుంటూ పోయాడు. ఇంకో పదేళ్లు బతికుంటే టన్ను చేసేవాడు, పాపం.

బొబ్బిలి_వీణ
స్టేడియం కుస్తీ దగ్గర్నుంచి చూసింది ఇక్కడ నేనొక్కడినే అనుకుంటా. స్టేడియం అంటే గచ్చిబౌలి ఇండోరే లెండి, అయిదంకెల జనం కాదు. 2023 సెప్టెంబరు 8, శుక్రవారం, హైదరాబాద్. జాన్ సీనా వొస్తున్నాడని తెలిసి బొబ్బిలి నుంచి విజయనగరం వొచ్చి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఇంట్లో మాత్రం ఇంటర్వ్యూ అని చెప్పాను.
టీవీలో వినపడని చప్పుడు ఒకటుంది. మనిషి పడినప్పుడు రింగు కిందనుంచి వొచ్చే "ధన్" అనే మోత. చెక్క డొల్లగా మోగుద్ది. ఇందాక మనవడు చెప్పిన పలకల చప్పుడే అది. సీనా, సేత్ రోలిన్స్ జట్టు గెలిచింది, గెలుస్తారని అందరికీ తెలుసు, అయినా గొంతు పోయేలా అరిచాం. తెల్లారి ఇంటికొస్తే మాట రాలేదు. "ఇంటర్వ్యూలో ఏం అడిగార్రా, గొంతు పోయేదాకా చెప్పావు" అని మా నాన్న. ఇప్పటికీ ఆయనకి తెలీదు, ఇక్కడ ఎవరైనా బొబ్బిలోళ్లుంటే నోరు జారకండి.

టెక్కలి_టు_కువైట్
నీ అదృష్టం. మా ఊళ్లో తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం పెట్టుకుని లెగాలి. 2025 ఏప్రిల్లో లాస్ వెగాస్ నుంచి సీనా పదిహేడో టైటిల్ గెలిచిన మ్యాచ్‌కి మా తమ్ముడు దుప్పట్లో దూరి చూస్తుంటే మా అమ్మ గేదె పాలు పితకడానికి లేచి "పరీక్షలకి చదువుతున్నాడు" అని దిష్టి తీసింది. 2027 రెజిల్‌మేనియా రియాద్‌లో అని ప్రకటించారు. నాకు పక్క దేశం. సెలవు ఇప్పట్నుంచే అడుగుతున్నా.

రాజాం_కుర్రోడు
వెళ్తే గేటు దగ్గర నిలబడి లెక్కెట్టు. మాకు మళ్లీ ఈ గొడవ వొద్దు.

ఆమదాలవలస_బావ
కొత్తగా చేరాను. గోపీ, నువ్వు ఇక్కడ పెట్టావని మీ అక్క చెప్పింది. మొత్తం చదివాను. నేను 78 వేలన్నాను, బుకింగ్ బాబాయ్ గారు బోర్డు లెక్క అన్నారు, నీ పక్కనున్న రాజు గారు కూడా జెయింట్ గొంజాలెజ్ దగ్గర జారిపోయారు. ఇంకేటి?

గంటస్తంభం_గోపి
బావా, బాబాయ్ ఆ మాట అన్లేదు, నేనే అన్నాను. పైగా 78 కూడా ఒకాయన లెక్కే, గేటు దగ్గర నువ్వు నిలబడ్డావా?

బుకింగ్_బాబాయ్
ఇద్దరూ కొట్టుకోకండి. నన్నడిగితే టికెట్లు తెగింది 78కి దగ్గర్లో ఉంటాది, బోర్డు 93. రెండూ ఆ రోజు ఉన్నాయి. కానీ పందెం మాట "వచ్చారా" అనే కదా? అయితే గోపీదే ఓటమి.
ఇంకోటి. ఆ సిల్వర్‌డోమ్‌ని 2017 డిసెంబరులో పడగొట్టారు, వీడియో చూశాను. మందుగుండు పేల్చారు, మోత వొచ్చింది, పొగ లేచింది, స్టేడియం అలాగే నిలబడింది. మర్నాడు మళ్లీ పేలిస్తే గానీ పడలేదు.

ట్రంప్‌కార్డు_రాజు
మొదటిసారి ఎత్తబోతే కూలిపోయింది ఈసారి ఎత్తేవాళ్లు. ఆండ్రీ అంశ.

గంటస్తంభం_గోపి
సరే బాబాయ్ మాట మీద ఒప్పుకుంటున్నా. కోడి నాదే. ఈ ఆదివారం అక్కని తీసుకుని వొచ్చేయ్ బావా.

ఆమదాలవలస_బావ
కార్తీక మాసంరా. మీ అక్క ఇంట్లో ఉల్లిపాయ కూడా ముట్టనివ్వట్లేదు.

గంటస్తంభం_గోపి
అయితే పోలి పాడ్యమి అయ్యాక. కోడి మూడు కేజీలు తెస్తాను.

ఆమదాలవలస_బావ
మూడు కేజీలా? బోర్డు లెక్కా, డీసీఆర్ లెక్కా?